పసివాని సంచి – తండ్రి జేబు

జూన్ మాసము వచ్చినదనిన హైదరాబాదులోని కోఠి, ఆబిడ్స్ అంగళ్లు తల్లిదండ్రులతో కిటకిటలాడును. ఒకటవ తరగతిలో చేరబోవు పసివానికి సంచి, బూట్లు, టిఫిన్ డబ్బా, రంగు పెన్సిళ్లు, డజను నోటు పుస్తకములు! దినకూలీపై బ్రతుకు తండ్రికి ఇది ముచ్చట తీర్చుకొను కొనుగోలు కాదు, అప్పునకు ఆరంభము.

తెలుగువారి పలక, ఉర్దూవారి తఖ్తీ పేరునకు వేరైనను గుణమున ఒక్కటే. తుడిచి మరల వ్రాయవచ్చును. అన్న వాడినది తమ్మునకు పనికివచ్చును. నేడు అన్నియు ఏటేటా క్రొత్తవే కావలెననుట ఏల?

సంచి బరువు బాలుని బరువులో 10 శాతము మించరాదని 2020 నాటి కేంద్ర ప్రభుత్వ పాఠశాల సంచి విధానము చెప్పుచున్నది. అనగా 20 కిలోల బాలునకు 2 కిలోలే హద్దు. మితిమీరి కొన్నచో తండ్రి జేబుతోపాటు బిడ్డ వీపునకును కష్టమే.

కావున విద్యార్థి మిత్రులారా, మన యిండ్లలో వాడదగిన సంచులు, పలకలు, మిగిలిన తెల్ల కాగితములు వేసవి సెలవులకు ముందే సేకరింతము. కమిటీ పెద్దలు కళాశాలలో ఒక బీరువా కేటాయించిన చాలును. బడులు తెరచులోగా వానిని అవసరమున్న పసివారికి మనమే చేర్చగలము.