తలకింతని మా పిల్లలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడే మా కొండదారుల్లో మోటారు సైకిళ్లు మొదలవుతాయి. భుజాన బ్యాగు, చేతిలో రంగుల కరపత్రాలు, రెండు ఫోన్లు. చింతపండు కొనే షావుకారు సంతలో కాటా పెట్టుకుని కూర్చుంటాడు, మేమే మోసుకెళ్తాం. ఈయన మాత్రం గడపదాకా వస్తాడు. పీఆర్వో అంటారు. షావుకారుది కేజీ లెక్క, ఈయనది తల లెక్క.

"ఒక్క రూపాయి కట్టక్కర్లేదమ్మా, అంతా గవర్నమెంటే ఇస్తుంది. హాస్టలు ఫ్రీ. ఉద్యోగం గ్యారంటీ." ఈ మాట ఎన్ని ఇళ్లలో విన్నామో! ఇంట్లో కువి మాట్లాడుకునే తల్లికి ఆ తెలుగు సగమే అందుతుంది. అందని సగం ఆయనా చెప్పడు. మేనేజ్‌మెంటు కోటాలో చేర్చిన సీటుకు రీయింబర్స్‌మెంటు వర్తించదని చెప్పడు. కన్వీనరు కోటా సీటయినా, సర్కారు డబ్బు ఆలస్యమైతే కాలేజీ పిల్లనే నిలబెట్టి అడుగుతుందని చెప్పడు. నర్సింగు కోర్సుకు కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో అసలే చెప్పడు. చెప్పకుండానే పదో తరగతి మెమో, టీసీ, కుల ధ్రువపత్రం బ్యాగులో వేసుకుని బండి తీస్తాడు.

ఆ బ్యాగులోకి వెళ్లిన కాగితాల సంగతే చెప్పాలి. మా ఊరి పిల్ల ఒకతె మైదానంలోని ఒక కాలేజీలో చేరి, ఇమడలేక మూడు నెలలకే తిరిగొచ్చింది. తర్వాత పదో తరగతి మార్కుల మీద పోస్టాఫీసు డాక్ సేవక్ ఉద్యోగానికి ఎంపికైంది. ఒరిజినల్స్ చూపించమన్నారు. కాలేజీకి పోతే మొత్తం ఏడాది ఫీజు కట్టి పట్టుకెళ్లమన్నారు. వాళ్ల నాన్న ఆవును అమ్మినా ఆ లెక్కకు చాల్లేదు. గడువు దాటిపోయింది. ఆ పిల్ల ఇప్పుడు పసుపు తవ్వే కూలికి పోతోంది.

ఒరిజినల్స్ కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. చూసి, సరిపోల్చుకుని, అక్కడికక్కడే తిరిగివ్వాలి. ప్రవేశాల గడువుకు పదిహేను రోజుల ముందే మానుకుంటే కొద్దిపాటి ప్రాసెసింగ్ ఖర్చు మాత్రమే మినహాయించుకుని కట్టిన ఫీజు వెనక్కివ్వాలని కూడా అందులోనే ఉంది. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు, మా బడిలో కూడా.

ఇక్కడ మా వేలు మావైపే తిరుగుతుంది. పిల్లల ఫోను నంబర్ల జాబితా ఆ బ్యాగులోకి ఎలా వెళ్లింది? మాస్టారూ, కోపం తెచ్చుకోకండి, కొన్నిచోట్ల బడి నుంచే వెళ్లింది. బండి వెనక కూర్చుని దారి చూపించింది ఎవరు? డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న మన తమ్ముడే. సొంత మేనకోడల్ని కూడా తల లెక్కలో చేర్చి పెట్రోలు ఖర్చు తీసుకున్నవాళ్లను మేమెరుగుదుం. ఎండలో తిరిగే ఆ పీఆర్వో కూడా చాలాసార్లు జీతం ఆగిన లెక్చరరే. ఇన్ని అడ్మిషన్లు తెస్తేనే జీతమని యాజమాన్యం అతని మెడ మీద కూర్చుంటుంది. అది మాకు తెలియక కాదు. అయినా అతని జీతానికి మా పిల్ల మూడేళ్లు జమానతు కాదు.

కాలేజీవాళ్లు రావద్దని మేమనడం లేదు. రండి. పగలు రండి, బడికి రండి, తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి. మా భాష తెలిసిన మనిషిని తెచ్చుకోండి. మీ హాస్టల్లో ఉన్న మా పిల్లనే ఒకతెను వెంట తీసుకురండి, అన్నం ఎలా ఉంటుందో ఆమే చెబుతుంది. ఫీజు ఎంత, సర్కారు ఇచ్చేదెంత, మిగిలేదెంత, కాగితం మీద రాసి సంతకం పెట్టండి. పిల్లకు వ్యవసాయం చదవాలని ఉంటే, అది మీ దగ్గర లేదని చెప్పి లేచి వెళ్లండి. ఆ ఒక్క పని చేసిన మనిషిని మేమింకా చూడలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ వేసవికి ఊరికిద్దరు చొప్పున ఉందాం. ఒరిజినల్ అడిగినవాడికి మంచినీళ్లిచ్చి, మండల కేంద్రంలో జెరాక్సు షాపు ఎక్కడుందో చూపిద్దాం.