పిహెచ్.డి. ప్రవేశమును మార్కుల బెంగయు

గతమాసమున రుద్రూరునుండి యొక సోదరి మాకు వ్రాసిన యుత్తరములో నీ మాటలున్నవి: “మా బిడ్డకు నెట్ పరీక్షలో ఎనుబదినాలుగు వచ్చినవి. నూటికి ఎనుబదినాలుగు వచ్చినను సరిగా తినక మూల గూర్చుండి యేడ్చుచున్నది. కారణము మాకు తెలియకున్నది.” ఆ బిడ్డ విద్యాశాస్త్రమున ఎం.ఏ. ముగించి పిహెచ్.డి.లో చేరగోరుచున్నదట. ఇట్టి యిండ్లు మనలో పెక్కు గలవు గావున ఈ నెల యీ శీర్షికను దీనికే కేటాయించితిమి.

సోదరీ, ఆ యెనుబదినాలుగు మార్కులు కావు. నెట్‌లో 150 ప్రశ్నలకు 300 మార్కులు. కాలము 3 గంటలు. తప్పు గుర్తించినందుకు మార్కులు కోయరు. ఆ విషయమున పరీక్ష వ్రాసినవారిలో నూటికి ఎందరు మనకు సమానముగనో వెనుకనో యున్నారని తెలుపు లెక్కను పర్సెంటైలు అందురు. 84 అనగా నూర్గురిలో సుమారు పదునార్గురు ముందున్నారని యర్థము. మీకు ఎనుబదినాలుగు కనబడినది; మీ బిడ్డకు ఆ పదునార్గురే కనబడుచున్నారు.

2024 మార్చిలో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషను చేసిన యేర్పాటు ప్రకారము నెట్‌లో నెగ్గినవారిని మూడు తరగతులు చేయుదురు. మొదటివారికి పరిశోధక వేతనార్హత గలదు. వారిని ఇంటర్వ్యూ చేసి చేర్చుకొందురు. తక్కిన రెండు తరగతులవారికి నెట్ ఫలితమునకు 70 పాళ్లు, ఇంటర్వ్యూకు 30 పాళ్లు. లెక్క వేసి చూడుడు. 84లో 70 పాళ్లు 58.8; ఇంటర్వ్యూలో 25 వచ్చిన మొత్తము 83.8. తొంబది పర్సెంటైలు గల యింకొక పిల్లకు 63. ఆమె ఇంటర్వ్యూలో 20 మాత్రమే తెచ్చుకొన్నచో మొత్తము 83. మీ బిడ్డయే ముందు. మేమీ లెక్కను రెండుసార్లు వేసి చూచుకొన్నాము, మా గణితముపై మాకంత నమ్మకము లేదు!

మరియొక సంగతి గలదు. 2022 నాటి నిబంధనల ప్రకారము ఒక ప్రొఫెసరు ఏకకాలమున ఎనమండుగురికి, అసోసియేట్ ప్రొఫెసరు ఆర్గురికి, అసిస్టెంట్ ప్రొఫెసరు నల్గురికి మించి మార్గదర్శకత్వము వహింపరాదు. ఆ సంఖ్య నిండినచోట ఎంత పర్సెంటైలు ఉన్నను చోటు లేదు. కావున బెంగపడు కాలమును, ఏ విశ్వవిద్యాలయమున ఎవరివద్ద ఖాళీ యున్నది, వారేమి వ్రాసినారు అని తెలిసికొనుటకు వినియోగించుట మేలు. ఇంటర్వ్యూలో అడుగబోవునది కూడ అదే: నీవు దేనిని పరిశోధింతువు?

దానికై మీ బిడ్డ దూరము పోనక్కరలేదు. మీ పొరుగున బోధనులో 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. దానిపై బ్రతికిన కుటుంబముల పిల్లల చదువు పిమ్మట ఏమైనది? ఎవరు బడి మారిరి, ఎవరు మానిరి, ఆడపిల్లలను ముందు మాన్పించిరా? ఇది విద్యాశాస్త్రమునకు తగిన ప్రశ్న. నాలుగు సమాధానములలో నొకటి గుర్తించుటచే తేలునది కాదు. మీ యూరి చెరకు పరిశోధనా స్థానమువారు సైతము ఒక్కనాటి రసపు తీపిని చూచి ఒక రకమును మంచిదనరు. మొక్కతోట చూతురు, కార్శితోట చూతురు.

ఉత్తరము చివర చిన్న యక్షరములతో నొక వాక్యమున్నది. “ఈసారి కాకున్న సంబంధములు చూతమని వారి నాయన అనుచున్నారు.” మాకు తోచినంతవరకు ఆ కన్నీటికి కారణమిదియే; పర్సెంటైలు కాదు.

ఈ భయము వట్టిది కాదు. తక్కిన రెండు తరగతులవారికి నెట్ ఫలితము పిహెచ్.డి. ప్రవేశమునకు ఒక్క సంవత్సరమే చెల్లును. (అమెరికా పోవువారి జీ.ఆర్.ఈ. అయిదేండ్లు చెల్లును, అచ్చట పెక్కు విశ్వవిద్యాలయములు 2020 తరువాత దానిని అడుగుటయే మానినవి.) 2024 జూన్ 18న జరిగిన నెట్‌ను మరునాడే రద్దుచేసి, తిరిగి ఆగస్టు 21 మొదలుకొని జరిపిరి. పిల్లల తప్పేమియు లేకయే రెండు నెలలు గడచినవి. మగపిల్లవానికి అవి రెండు నెలలు మాత్రమే. మన యిండ్లలో ఆడపిల్లకు ఆ రెండు నెలలలో నాలుగు జాతకములు వచ్చును.

వారి నాయనగారికి ఈ సంగతులు చదివి వినిపింపుడు. నెట్ సాధారణముగా ఏటికి రెండుమార్లు జరుగును. పిహెచ్.డి.లో చేరిన స్త్రీలకు గడువుపైన మరి రెండేండ్లు, ప్రసూతికిని శిశుపోషణకును 240 దినములవరకు సెలవు, ఆ 2022 నిబంధనలే యిచ్చినవి. “అట్లయిన ముందు పెండ్లియే కానిమ్ము” అని వారనిన, ఆ సెలవు చేరినవారికిగాని చేరనివారికి లేదని చెప్పుడు.

రాబోవు నెట్ వరకైనను సంబంధముల మాట ఆపుటకు వారొప్పుకొన్నారో లేదో, మీ బిడ్డ ఏ ప్రశ్న నెన్నుకొన్నదో మాకు వ్రాయుడు. ఈసారి ఉత్తరము ఆమెయే వ్రాసిన సంతోషింతుము.