గృహవైద్యము: భుజపు నొప్పియు ఎమ్మారై చిత్రమును

జడ వేసికొనుటకు చేయి లేవదు; అటకమీది డబ్బా అందదు; రాత్రి ఆ ప్రక్కకు ఒత్తిగిలిన నిద్ర పట్టదు. ఇట్టి బాధను మన స్త్రీలు వాతపు నొప్పి యని నెలల తరబడి యోర్చుకొనుచుందురు. ఓర్పు మంచిదే గాని, యీ విషయమున దానివలన నష్టము కలుగవచ్చునని మనవి చేయుచున్నాము.

భుజపు కీలును 4 కండరముల స్నాయువులు పట్టీవలె చుట్టి నిలిపియుంచును. స్నాయువనగా కండరమును ఎముకకు కట్టివేయు త్రాడు. వీనిలో తరచుగా చినుగునది పైభాగముననుండు సుప్రాస్పైనేటస్ అనునది. తనంతట చేయి లేవక, ఇతరులు ఎత్తిన లేచుచున్నచో చిరుగును అనుమానింపవలెను. ఎవరెత్తినను లేవనిచో కీలు బిగిసియుండవచ్చును. ఇది మధుమేహము గలవారిలో నెక్కువ.

ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణములు లేవు. బలమైన అయస్కాంతమును రేడియో తరంగములును పని చేయును. ఆరోగ్యముగల స్నాయువు చిత్రమున నల్లని పట్టీవలె కనబడును. నీటిని తెల్లగా జూపు చిత్రములలో ఆ నలుపు నడుమ నీటివంటి తెల్లని గీత యుండిన చిరుగని యెంచుదురు. గీత కొంతదూరమే పోయి యాగిన పాక్షికము; ఈ ముఖమునుండి ఆ ముఖమువరకు సాగిన మందమంతయు చినిగినట్లు.

తెల్లని గుండ్రని నీటితిత్తులును కానవచ్చును. కండరములోపల తిత్తి యున్నచో సమీపమున స్నాయువు చినిగినదేమో వెదుకవలెను. కీలు గిన్నె యంచుననున్న వలయము చినిగినను ప్రక్కనే తిత్తి యేర్పడవచ్చును. అది రెక్కయెముక వెనుక నరమును నొక్కిన చేతిని వెలుపలికి త్రిప్పు బలము తగ్గును. తిత్తి యనగానే రాచపుండని బెదరనక్కరలేదు.

చినిగి చాలకాలమైన కండరము క్షీణించి, దానిలో క్రొవ్వు చేరును. పిదప కుట్టు వేసినను ఆ మార్పు సాధారణముగా మరలదు. కావున జారిపడిన పిమ్మట చేయి లేవకున్న, బలముగా మర్దనము చేయింపక, వెంటనే వైద్యునికి చూపవలెను. అయితే 60 ఏండ్లు దాటినవారిలో నొప్పి లేకయే చిరుగు కనబడుట కలదు. చిత్రమొక్కటే చూచి శస్త్రచికిత్సకు తొందరపడరాదు. పెక్కురకు తగిన వ్యాయామముతోనే గుణము కనబడును.

పరీక్షకు పోవునపుడు గాజులు, జడపిన్నులు, పిన్నీసులు తీసివేయవలెను. సూత్రము తీయుటకు సంకోచించువారు పసుపుకొమ్ము కట్టిన నూలుత్రాడు ధరింపవచ్చును. గుండెకు పేస్‌మేకరు గాని, శరీరమున లోహపు ముక్క గాని యున్నచో ముందే చెప్పవలెను.

ఇంటిపని యాగునని చేతిని నిర్లక్ష్యము చేసిన, తుదకు ఆ పనికే చేయి లేకపోవును.