బాగానే చూస్తున్నారండీ!

గవర్నమెంటాసుపత్రికి తనిఖీ బృందం వస్తోందంటే పెళ్లిచూపులవారు వస్తున్నంత హడావుడి. గోడలకు సున్నం పడుతుంది. మంచాల మీదికి కొత్త దుప్పట్లొస్తాయి. ఆర్నెల్లుగా మినుకుమినుకుమంటున్న ట్యూబులైటు నిండుగా వెలుగుతుంది. అందుకే తనిఖీ అంటే ఓ తంతు అని జనం ఎప్పుడో తేల్చేశారు. అయితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఇప్పుడు జరిగే నాణ్యతా తనిఖీని సున్నంతో, దుప్పట్లతో మాయ చేయడం అంత తేలిక కాదు. దాన్ని ఓడిస్తున్నది వేరే ఉంది.

కేంద్ర ఆరోగ్యశాఖ జాతీయ నాణ్యతా హామీ ప్రమాణాలను 2013లో ముందుగా జిల్లా ఆసుపత్రుల కోసం తెచ్చింది. ఆ తర్వాత పీహెచ్‌సీలకూ విడిగా రూపొందించింది. పొడి అక్షరాల్లో ఎన్‌క్వాస్‌. పద్ధతి బడి పరీక్షలాంటిదే. అడిగిన అంశం పూర్తిగా ఉంటే రెండు మార్కులు, అరకొరగా ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. మొదట సిబ్బంది తమకు తామే మార్కులు వేసుకోవాలి. తర్వాత రాష్ట్రం చూస్తుంది. చివరికి ఆ ఆసుపత్రితో ఏ సంబంధమూ లేని పరిశీలకులు వస్తారు. మొత్తమ్మీద 70 శాతం తగ్గకూడదు, ఇంకొన్ని షరతులూ ఉన్నాయి. నెగ్గితే సర్టిఫికెట్‌ మూడేళ్లు నిలుస్తుంది.

మార్కులు వేయడానికి పరిశీలకుడి చేతిలో నాలుగు దారులుంటాయి. కళ్లతో చూడటం, సిబ్బందిని అడగటం, రికార్డు తిరగేయడం, రోగిని అడగటం.

దర్శి చుట్టుపక్కల మండలాలనే తీసుకోండి. ముండ్లమూరు, తాళ్లూరు, కురిచేడు, దొనకొండ... పత్తి, మిరప చేలున్న నేల. రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లినవాడికీ, మిరప కల్లంలో కాపలా పడుకున్నవాడికీ పాముతో పని పడొచ్చు. ఒంగోలు సర్వజనాసుపత్రి యాభై కిలోమీటర్లకు పైనే. అంతదూరం పోయేలోపు దగ్గర్లోని కేంద్రంలో విషానికి విరుగుడు ఇంజెక్షన్‌ ఉందా లేదా అన్నదే ప్రశ్న. ‘ఉంది’ అంటే సరిపోదు. మొదటి మోతాదుకే ఎనిమిది నుంచి పది సీసాలు కావాలి. బీరువాలో రెండే ఉంటే ఉన్నట్టా, లేనట్టా?

సీసాలున్నా, వాడే చేతికి ధైర్యం ఉండాలి. రక్తపింజర కాటేస్తే రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. దాన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచాలి. తర్వాత వంచి చూసినప్పుడు ఇంకా నీళ్లలా పారుతుంటే విషం రక్తంలోకి ఎక్కినట్టు. గొట్టం ప్లాస్టిక్‌ది అయితే ఫలితం నమ్మలేం. రాత్రి డ్యూటీ నర్సుకు ఈ ఒక్క ముక్క తెలుసా? పురుగుమందు తాగి వచ్చినవాళ్లకిచ్చే అట్రోపిన్‌ ఏ అరలో ఉందో చీకట్లో చెప్పగలదా? ఎంత సున్నం వేసినా ఈ జవాబులు రావు.

రికార్డులదీ అంతే. టీకాలు ఉంచే ఐస్‌లైన్డ్‌ ఫ్రిజ్‌లో వేడి 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. రోజుకు రెండుసార్లు చూసి రాయాలి, ఆదివారం, పండగ అని లేదు. మే నెల ఎండలోనూ, కరెంటు పోయిన రోజూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో వరసగా ‘4’ అనే ఉందనుకోండి... ఆ రిజిస్టరు మరీ అందంగా ఉన్నట్టే లెక్క! పరిశీలకులకు అలాంటి అందం చూస్తేనే అనుమానం. వ్యర్థాల సంగతి డాక్టరును కాదు, ఊడ్చే అమ్మను అడుగుతారు. 2016 నిబంధనల ప్రకారం సూదులు గుచ్చుకోని తెల్లడబ్బాలోకి, సెలైన్‌ గొట్టాలు ఎర్రదాన్లోకి, రక్తపు దూది పసుపుదాన్లోకి, గాజుసీసాలు నీలిదాన్లోకి. ఆమె తడుముకోకుండా చెప్పిందంటే ఆ పని అక్కడ రోజూ జరుగుతున్నట్టే.

ప్రైవేటు క్లినిక్‌లకు దారి వేరు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో చేసిన చట్టం కింద జిల్లా అధికారుల దగ్గర రిజిస్టరు చేయించుకోవాలి. స్కానింగ్‌ ఉంటే 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం అదనం. ఇక పల్లెల్లో చాలామందికి మొదటి సూది పడేది ఆర్‌ఎంపీ దగ్గరే. ఈ చెక్‌లిస్టు అక్కడికి వెళ్లనే వెళ్లదు. అదో పెద్ద కథ.

అన్నిటికంటే బలమైనదీ, అన్నిటికంటే తేలిగ్గా విఫలమయ్యేదీ నాలుగో దారే. ‘మందులు బయట కొనమన్నారా అమ్మా? ఎవరైనా డబ్బులడిగారా? పరీక్ష చేసేటప్పుడు తెర వేశారా? ఈ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పారా?’ అని పరిశీలకుడు అడుగుతాడు. మంచం మీది మనిషి ఓసారి నర్సువైపు చూస్తుంది. చేతులు జోడిస్తుంది. ‘బాగానే చూస్తున్నారండీ’ అంటుంది. రెండు మార్కులు పడిపోతాయి.

అబద్ధమాడాలని కాదు. రేపు మళ్లీ ఇక్కడికే రావాలి. బిడ్డకు టీకా వేయాల్సింది ఆ చేత్తోనే. పైగా ఊరికొచ్చిన పెద్దమనుషుల ముందు మనవాళ్ల తప్పెత్తడం మర్యాద కాదన్న పెంపకం. కాన్పయ్యాక మగబిడ్డయితే ఇంత, ఆడబిడ్డయితే ఇంత అని చేయి చాపారన్న ఫిర్యాదు చాలాచోట్ల బస్టాండులో వినిపిస్తుంది, రచ్చబండ దగ్గర వినిపిస్తుంది. కాగితం మీద మాత్రం కనపడదు.

దీనికి నర్సు ఒక్కర్తినే తప్పు పట్టలేం. మందు రాకపోతే బయట కొనమని చీటీ రాసే ఇబ్బంది ఆమెదే. స్టాకు పంపని పైవాళ్లను ఎవరూ మంచం పక్కన నిలబెట్టి అడగరు. రోగి నోరు విప్పితే నిజానికి ఆమెకూ మేలే.

ఎందుకంటే ఆ మాటతో పని ఆగదు. ‘మొన్న మంగళవారం సూది లేదన్నారు, బయట మెడికల్‌ షాపులో కొన్నాం’ అని పేషెంటు తోడు వచ్చిన ముసలాయన అన్నాడనుకోండి. పరిశీలకుడు అది రాసుకుని మందుల గదికి వెళ్తాడు. స్టాకు రిజిస్టరు తీసి మంగళవారం తేదీ దగ్గర వేలు పెడతాడు. ఎప్పుడు అయిపోయింది, ఎప్పుడు ఇండెంటు పెట్టారు, పైనుంచి ఎప్పుడొచ్చింది అని ఒక్కొక్కటీ అడుగుతాడు.