దాళ్వా కోతల వేళ మబ్బుల బెడద
రోడ్డు మీది ధాన్యానికి ఏ లెక్కలోనూ చోటు లేదు

అమలాపురం: సముద్రం పక్కనే ఉన్న కోనసీమలో వేసవి చల్లగా గడుస్తుందని పై ప్రాంతాల వారికి ఒక నమ్మకం. భరణి కార్తెలో ఒక్క మధ్యాహ్నం ఇక్కడి కొబ్బరితోటలో గడిపితే ఆ నమ్మకం కాస్తా పోతుంది. ఆకు కదలదు. ఒళ్ళంతా చెమట, అది ఆరదు. తెల్లవారి మబ్బు, పది గంటలకు ఎండ, మధ్యాహ్నం ఉక్క, సాయంత్రానికి పడమట ఉరుము. ఏటా ఏప్రిల్ నెలాఖరు నుంచి మే మూడో వారం వరకు తీరప్రాంతంలో కనిపించే వరస ఇదే. ఉక్కను జనం ఎలాగో భరిస్తారు. సరిగ్గా ఈ రోజుల్లోనే దాళ్వా కోతలు సాగడం అసలు చిక్కు.

ఏటి గట్టు మొదలుకొని రాష్ట్ర రహదారి వరకు కాస్త చదునుగా ఉన్న ప్రతి చోటా ధాన్యం రాశులు కనిపించే కాలమిది. సాయంత్రం నాలుగు గంటలకు పడమట నల్లబడిందంటే చాలు, ఇంటిల్లిపాదీ బరకాలు పట్టుకొని రోడ్డుకు పరుగెడతారు. అరగంట వాన కురిసి వెలిస్తే మర్నాడు మళ్ళీ మొదటి నుంచి ఆరబోత. కూలి రెండింతలవుతుంది. మూడోసారి కూడా తడిస్తే గింజ రంగు మారుతుంది, ఆపైన మొలక వస్తుంది.

ఈ అకాల వర్షాలకు కారణం అంతుపట్టనిదేమీ కాదు. మెట్ట ప్రాంతాలు, విదర్భ, చత్తీస్‌గఢ్ వైపు నేల బాగా కాగి అక్కడ గాలి ఒత్తిడి పడిపోతుంది. అక్కడి నుంచి తెలంగాణ, రాయలసీమల మీదుగా తమిళనాడు వరకు ఒక ద్రోణి ఏర్పడుతుంది. బంగాళాఖాతం మీదుగా తేమ నింపుకున్న గాలి దక్షిణం నుంచి తీరం మీదికి వస్తుంది. పడమటి పొడిగాలి, ఈ తడిగాలి ఎదురైన చోట మబ్బు నిట్టనిలువుగా పెరిగి, గంట రెండు గంటల్లో ఉరిమి, కురిసి, కరిగిపోతుంది. పడమటి గాలిది పైచేయి అయిన రోజున వడగాడ్పు, సముద్రపు గాలిది పైచేయి అయిన రోజున ఉక్క, రెండూ సమానమైన రోజున పిడుగులు. ఏ రోజు ఏది గెలుస్తుందో రెండు మూడు రోజులకు మించి ముందుగా గట్టిగా చెప్పడం వాతావరణ శాఖకు కూడా కష్టమే.

ఆ శాఖ ప్రకటనలను చదవడంలోనూ ఒక తికమక ఉంది. 'ఒకటి రెండు చోట్ల' వర్షం అన్న మాట రైతుకు ఊరటగా వినిపిస్తుంది. ఆ శాఖ లెక్కలో ఆ మాటకు అర్థం, ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నూటికి 25 వరకు వాన నమోదు కావచ్చునని. 'కొన్ని చోట్ల' అంటే నూటికి 26 నుంచి 50, 'చాలా చోట్ల' అంటే 51 నుంచి 75. ఎంత వాన అన్నది కాక, ఎన్ని చోట్ల అన్నది మాత్రమే ఈ మాటలు చెబుతాయి. ఆ ఒకటి రెండు చోట్లలో తన ఊరు పడితే రైతుకు నష్టం పూర్తిగానే ఉంటుంది. మచిలీపట్నం, విశాఖపట్నంలోని డాప్లర్ రాడార్లు మబ్బు పుట్టగానే పట్టుకుంటాయి. వాటి ఆధారంగా మూడు గంటల ముందు హెచ్చరిక సెల్‌ఫోనుకు వస్తుంది. ప్రాణం కాపాడుకోవడానికి ఆ మూడు గంటలు చాలు. నూరు బస్తాల ధాన్యం ఎత్తి చాటుకు చేర్చడానికి మాత్రం చాలవు.

ఉక్క విషయంలోనూ అంకె మోసం చేస్తుంది. రెంటచింతలలో 44 డిగ్రీలు అని పేపర్లో చదివినవారికి అమలాపురంలో 37 అంటే లెక్కలోకి రాదు. మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు దాటాకనే వడగాడ్పు లెక్క మొదలవుతుంది కాని, తీరప్రాంతానికి వాతావరణ శాఖ పెట్టిన హద్దు 37 డిగ్రీలే. మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగి 37 చేరితే ఇక్కడ దానిని వడగాడ్పుగానే ప్రకటిస్తారు. ఒంటిని చల్లబరిచేది చెమట ఆరడమే. గాలి నిండా తేమ ఉంటే చెమట కారుతుంది తప్ప ఆరదు. కోతకు వంగిన కూలీకి, కొబ్బరి దింపు కార్మికునికి, వలుపు కార్మికునికి 37 డిగ్రీలే ప్రాణాంతకం కావచ్చు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఎండన పడి పని చేసుకునేవారు, వృద్ధులు.

మిషను వచ్చింది, కల్లం పోయింది

ఒకప్పుడు కూడా వేసవిలో వానలు పడేవి. నష్టం ఇంతగా ఉండేది కాదని పెద్దవయసు రైతులు అనడంలో నిజం లేకపోలేదు. అప్పట్లో చేను కోసి, పనలు మడిలోనే ఆరబెట్టి, కట్టలు కట్టి కుప్ప వేసేవారు. కుప్పకు కప్పు సరిగా వేస్తే పైన కురిసిన వాన లోపలికి దిగదు. ఆరిన తరువాత తీరికగా నూర్చుకునేవారు. ఇప్పుడు కోతకు కూలీలు దొరకడం లేదు, దొరికినా గిట్టడం లేదు. మిషను గంటల్లో ఎకరం కోసి గింజ చేతిలో పెడుతుంది. పచ్చి చేనును ఒకేసారి కోసి రాల్చడం వల్ల ఆ గింజలో తేమ ఎక్కువ. మూడు నాలుగు రోజులు గట్టి ఎండ తగిలితే తప్ప అది అమ్మకానికి పనికిరాదు. ఆరబెట్టడానికి కల్లాలు లేవు, ఉన్నవి ఇళ్ళ స్థలాలయ్యాయి. కనుక రోడ్డే కల్లమైంది. రాత్రి పూట దారిన పోయే మోటారు సైకిళ్ళు ఆ రాశులకు తగిలి పడుతున్న ఉదంతాలూ లేకపోలేదు.

ఇదిలా ఉండగా, వాన పడకపోయినా ఉక్కే నష్టం చేస్తుందన్న సంగతి చాలామంది గమనించరు. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే పగలు ఆరిన గింజ రాత్రికి మళ్ళీ తేమ పీల్చుకుంటుంది. సాయంత్రం ఇంట్లో సరిగ్గా ఉన్న శాతం మర్నాడు మిల్లు దగ్గర పెరిగిందంటే ప్రతిసారీ తేమ కొలిచే మిషనులో మోసమే అనుకోనక్కర్లేదు. మోసం అసలు లేదని కూడా ఎవరూ అనలేరు.

ప్రభుత్వం కొనే ధాన్యానికి తేమ నూటికి 17 మించరాదు. పాడయిన, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు తిన్న గింజలన్నీ కలిపి నూటికి 5 మించరాదు. 2025-26 సీజనుకు సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,369. అంటే 75 కిలోల బస్తాకు సుమారు రూ. 1,777. ఆ హద్దులు దాటిన ధాన్యానికి ఈ ధర వర్తించదు. అప్పుడు రైతు వెళ్ళేది ప్రైవేటు వ్యాపారి దగ్గరికే. అక్కడ ధర చెప్పేది అతడే. హద్దులు సడలించాలంటే కేంద్రం అనుమతి కావాలి. నమూనాలు తీసి, పంపి, పరీక్షించి ఉత్తర్వు వచ్చే లోపు చాలామంది చిన్న రైతులు అయినకాడికి అమ్ముకొని బయటపడతారు. సడలింపు వచ్చాక లాభపడేది అప్పటిదాకా నిలవ పెట్టుకోగలిగినవారే.

నష్టం ఉంది, లెక్క లేదు

అన్నిటికంటె విచిత్రమైన సంగతి మరొకటి. పంట నష్టపరిహారానికి ఉన్న నిబంధన ప్రకారం చేలో నిలిచి ఉన్న పంట 33 శాతం లేక అంతకు మించి దెబ్బతిన్నప్పుడే పెట్టుబడి రాయితీ. ప్రధానమంత్రి ఫసల్ బీమా నిబంధనల్లో కోత అనంతర నష్టానికి కూడా చోటు ఉంది. అయితే కోసి పొలంలోనే పనలుగానో చిన్న కట్టలుగానో ఆరబెట్టిన పంటకు, అదీ కోత నాటి నుంచి 14 రోజుల వరకే. నష్టం జరిగిన 72 గంటల్లోగా తెలియజేయాలి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మిషనుతో కోసి రోడ్డు మీద పోసిన ధాన్యం ఎక్కడా ఇమడదు. అది నిలిచి ఉన్న చేను కాదు, పొలంలోని పనా కాదు, గోదాములోని సరుకు అంతకంటే కాదు. రైతు పంట ఇంటికి వచ్చేసిందని ప్రభుత్వం, ఇంకా రాలేదని రైతు. నిబంధన రాసిన నాటికి పనలు ఉండేవి. నిబంధన మిగిలింది, పనలు పోయాయి.

2023 ఏప్రిల్ నెలాఖరున, మే మొదటి వారంలో ఉభయ గోదావరి జిల్లాల్లో పడిన వానలకు ఇదే జరిగింది. ధాన్యం రోడ్లమీదనే తడిసి మొలకెత్తింది. అన్ని పార్టీల నాయకులూ వచ్చి మొలకలు చేతబట్టుకొని ఫొటోలు దిగారు. అంతకు ముందు ఏడాది, 2022 మే రెండో వారంలో అసని తుఫాను మచిలీపట్నం దరిదాపుల్లో బలహీనపడింది. ఆ తుఫాను అనగానే శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి రేవుకు కొట్టుకొచ్చిన బంగారు రంగు రథమే నేటికీ జనానికి గుర్తు. ఆ గాలులకు పడిపోయిన అరటితోటల మాట లంక గ్రామాల వారికి తప్ప ఎవరికీ జ్ఞాపకం లేదు. గెల వేసిన అరటిచెట్టు మంచి ఈదురుగాలి ఒక్కటి వస్తే నిలవదు.

ఈ అవస్థలో అందరికంటె ఎక్కువ దెబ్బ తగిలేది కౌలుదారుకే. మక్తా బస్తాల లెక్కన ముందే కుదురుతుంది. గింజ తడిసినా, మొలిచినా భూస్వామికి కొలవవలసినది కొలవవలసిందే. 2019 చట్టం కింద పంట సాగుదారు హక్కు పత్రం ఇవ్వడానికి భూయజమాని అంగీకారం అవసరం. సంతకం పెడితే భూమి పోతుందేమోనని చాలామంది యజమానులు వెనకాడతారు. ఆ పత్రం లేనివాడికి ఈ-పంటలో తన పేరు ఎక్కించుకోవడం కష్టం, ధాన్యం కొనుగోలు కేంద్రంలో తన పేర అమ్ముకోవడమూ కష్టం. పరిహారమంటూ వస్తే అది యజమాని ఖాతాలో పడుతుంది. ఇచ్చేవారు ఇస్తారు, లేనివారు లేదు.

దాళ్వాను ముందుకు జరిపితే ఈ బెడద చాలావరకు తప్పుతుందనేది వ్యవసాయాధికారులు చాలాకాలంగా చెబుతున్న మాట. మార్చి ఆఖరుకే కోతలు ముగిస్తే ఉరుముల కాలం రాకముందే గింజ ఇల్లు చేరుతుంది. చెప్పడం తేలికే. దాళ్వా ముందుకు జరగాలంటే సార్వా ముందుకు జరగాలి. ఆ ఉద్దేశంతోనే 2022లో జూన్ 1న గోదావరి డెల్టా కాలువలకు నీరు వదిలారు. కాని కోనసీమ పల్లపు భూముల్లో తొలకరికి నాట్లు వేస్తే జులై, ఆగస్టు ముంపుకు అవి కుళ్ళిపోతాయి. కూనవరం, వాసాలతిప్ప వంటి మురుగు కాలువలు పూడిపోయి, సముద్రం దగ్గర మొగలు ఇసుక మేటలు వేసి, నీరు దిగదు. కనుక రైతు ముంపు తగ్గేదాకా ఆగి ఆలస్యంగా నాటుతాడు. సార్వా ఆలస్యమైతే దాళ్వా ఆలస్యం, దాళ్వా ఆలస్యమైతే భరణి కార్తె వానల్లో కోత. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో గిట్టుబాటు ధరతో పాటు ఈ మురుగు సమస్య కూడా ఉంది. వేసవిలో తడిసే ధాన్యానికి మూలం వేసవిలో లేదు, మురుగు కాలువల్లో ఉందని అందుకే అనవలసి వస్తోంది. కాలువలు కట్టేసిన ఈ వేసవి నెలల్లోనే పూడికలు తీయడానికి వీలు. ఆ పనులకు నిధులు మంజూరై టెండర్లు ముగిసేసరికి తరచు తొలకరి వచ్చేస్తుంది.

ప్రస్తుతానికి రైతు చేయగలిగినవి కొన్నే. మబ్బు పట్టిన రోజు మిషను దొరికింది కదా అని కోయకపోవడం అందులో మొదటిది. పడిపోయిన చేనులో కంకి మీద మొలక రాకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. ఆరిన ధాన్యాన్ని సాయంత్రం పొద్దు ఉండగానే పోగుచేసి కప్పితే రాత్రి తేమ పీల్చుకోదు. బరకాల కింద తడి ధాన్యాన్ని రెండు రోజులు మూసి ఉంచితే మాత్రం అది వేడెక్కి పచ్చబడుతుంది.

చెరువుల రైతులకు మబ్బే శత్రువు. ఎండ లేకపోతే నీటిలో ప్రాణవాయువు తయారు కాదు. తెల్లవారుజామున అది బాగా పడిపోయి వనామీ రొయ్యలు పైకి తేలతాయి. ఆ సమయంలో కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయి. జనరేటరు ఉన్నవాడు బయటపడతాడు.

అంతర్వేది, ఓడలరేవు వైపు మరపడవలు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధంలో ఒడ్డునే ఉంటాయి. తుఫానుల రీత్యా ఇది ఒకందుకు మేలే. బంగాళాఖాతంలో తుఫానులకు ఏప్రిల్, మే ఒక అదను, అక్టోబరు నుంచి డిసెంబరు మరొక అదను. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుఫానుకు తొమ్మిది వందల మందికి పైగా బలయ్యారు. 2010లో లైలా కూడా మే 20నే బాపట్ల వద్ద తీరం దాటింది. తుఫాను ఇటు రాకుండా బెంగాలు, బర్మా వైపు మళ్ళినా ఇక్కడ తెరిపి దొరకదు. తేమనంతా అది లాక్కుపోయి, వెనకనే పడమటి గాలి వడగాడ్పుగా దిగుతుంది. ఉక్క పోతుంది, ఎండ మండుతుంది. చేతిలో తడి ధాన్యం ఉన్నవారు ఆ ఎండ కోసమే ఎదురుచూస్తారు.

రోహిణి కార్తె మే 25న ప్రవేశిస్తుంది. అప్పటికి కోతలు ముగిసి, రోడ్ల మీద ధాన్యం బదులు గడ్డి మాత్రమే మిగులుతుంది.