మన వాహనం: ఇంధనం పెంచే ముందు గాలి లెక్క

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి ఈ శీర్షికకు ఒక లేఖ అందింది. వ్రాసినవారు మన సంస్థ ఉద్యోగియే. బదిలీపై వెళ్తూ తమ టర్బో పెట్రోలు కారును విశాఖపట్నం నుంచి ఓడలో తీసుకువెళ్లారు. అంతకు ముందే దానికి ఇంజను శక్తిని పెంచే ఎలక్ట్రానిక్ పెట్టె ఒకటి బిగింపించారు. కొన్ని నెలలు చక్కగా నడిచిన బండి ఇప్పుడు ఎత్తు ఎక్కేటప్పుడు జర్కులిస్తోందనీ, పికప్ పడిపోయిందనీ, అప్పుడప్పుడు ఇంజను దీపం వెలుగుతోందనీ, మైలేజీ కూడా తగ్గిందనీ వారి ఫిర్యాదు. ఒక గ్యారేజీలో చూపించగా, పెట్టెలో పెట్రోలు కొంచెం పెంచితే సరిపోతుందన్నారట. పెంచవచ్చునా అని వారు మమ్మల్ని అడిగారు.

మా సమాధానం ఇది: ఇప్పుడే పెంచవద్దు. ముందు జబ్బు ఏదో తేల్చండి. జబ్బుతో ఉన్న ఇంజనుకు ట్యూనింగు చేయడం, జ్వరం ఎందుకు వచ్చిందో చూడకుండా మందు మోతాదు పెంచడం వంటిది. ఇటువంటి పెట్టెలు బిగించుకున్న పాఠకులు మరికొందరు ఉండవచ్చు గనుక, ఈ నెల ఈ విషయాన్నే కొంత వివరంగా చెప్పుకుందాం.

టర్బో పని తీరు మన పాఠకులకు కొత్త కాదు. ఇంజను నుంచి వెలువడే వేడి వాయువుల వేగంతో ఒక చక్రం తిరుగుతుంది. దాని ఇరుసుకే బిగించిన మరొక చక్రం బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపుతుంది. స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బూఖీ 1905లోనే ఈ పద్ధతికి పేటెంటు పొందారు. గాలి ఎక్కువగా వెళ్తే దానికి తగినంత పెట్రోలు కూడా వెళ్లాలి. ఎంత వెళ్లాలో లెక్కకట్టేది ఇంజను కంప్యూటరు. గాలి పీడనాన్ని, ఉష్ణోగ్రతను సెన్సర్లు కొలిచి ఆ కంప్యూటరుకు తెలియజేస్తాయి.

బయట అమ్మే పెట్టెలలో అధిక భాగం ఈ సెన్సరుకూ కంప్యూటరుకూ మధ్య కూర్చుంటాయి. ఉన్న పీడనం కన్నా తక్కువ పీడనాన్ని కంప్యూటరుకు చూపుతాయి. కంప్యూటరు దానిని నమ్మి టర్బోను మరింత పని చేయిస్తుంది. ఈ ఏర్పాటులో ఒక చిక్కు ఉన్నది. ఎక్కడైనా గాలి కారినా, వైరు పట్టు వదిలినా కంప్యూటరుకు నిజం తెలియదు. ఇంటి పద్దులో ఒక అంకె తప్పు వ్రాసి, నెలాఖరున నిల్వ ఎందుకు తేలలేదని వెతుక్కున్నట్లే ఉంటుంది.

ఈ సందర్భంలో ఒక పాత ఉదంతం చెప్పుకోవాలి. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే టర్బో కారు విడుదలైంది. ఇంజనులో నాకింగ్ రాకుండా నీరు, మిథనాలు కలిపిన ద్రవాన్ని గాలితో పాటు లోపలికి చిమ్మేవారు. దానికి వేరే తొట్టి ఉండేది. తొట్టి ఖాళీ అయితే ఇంజనుకు హాని కలగకుండా టర్బో పీడనం తనంతట తానే తగ్గిపోయే ఏర్పాటు కూడా చేశారు. అయితే ఆ ద్రవం నింపడం మరచిన యజమానులు బండిలో బలం లేదని ఫిర్యాదు చేసేవారు. 1963తో ఆ నమూనా ఆగిపోయింది. బలం తగ్గిందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు ఇంజనులో మార్పులు చేయబూనక ముందు తొట్టి చూడాలన్నది అందులోని పాఠం.

ఇక మన కారు సంగతి. పరీక్షలను ఈ వరుసలో చేయండి.

మొదటిది, పెట్టెను పూర్తిగా తీసివేసి, కంపెనీ వైర్లను యథాప్రకారం కలిపి రెండు మూడు రోజులు నడపండి. ఫిర్యాదు పోతే దోషం పెట్టెలోనో, దాని వైర్లలోనో ఉన్నదని అర్థం. పోకపోతే దోషం కారులో ఉన్నది. సగం వెతుకులాట ఇక్కడే తీరిపోతుంది.

రెండవది, స్కానరు పెట్టించి కంప్యూటరు దాచిన కోడ్లు చదివించండి. చదివిన తరువాత వాటిని కాగితం మీద వ్రాసుకోండి, చెరిపివేయడానికి తొందరపడవద్దు. పి 0299 ఉంటే టర్బో పీడనం చాలడం లేదని, పి 0171 ఉంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువై పలుచబడిందని, పి 0300 ఉంటే సిలిండర్లు వరుస తప్పి మిస్ అవుతున్నాయని సూచన. ఇవి చిరునామాలో వీధి పేరు వంటివి మాత్రమే. ఇల్లు మనమే వెతుక్కోవాలి.

మూడవది, గాలి దారి. టర్బో నుంచి ఇంటర్‌కూలరుకు, అక్కడి నుంచి ఇంజనుకు వెళ్లే రబ్బరు హోసులను, వాటి క్లిప్పులను చేత్తో తడిమి చూడండి. పీడనం పెరిగిన కొద్దీ వదులుగా ఉన్న క్లిప్పు వద్ద గాలి బయటికి కారుతుంది. ఎక్కేటప్పుడు ఈల వంటి శబ్దం వినబడితే అనుమానం బలపడినట్లే. మెకానిక్ దగ్గర తక్కువ పీడనంతో గాలి నింపి, సబ్బు నీరు రాస్తే బుడగలు వస్తాయి. గాలి బరువును ముందే కొలిచే సెన్సరు ఉన్న కార్లలో, కొలిచిన గాలి దారిలో కారిపోతుంది గనుక పెట్రోలు ఎక్కువై పొగ నల్లగా వస్తుంది. పీడనాన్ని కొలిచే కార్లలో ఆ లోటును పూడ్చడానికి టర్బో అదనంగా తిరిగి వేడెక్కుతుంది. ఏ విధంగా చూసినా, చిరిగిన హోసుకు పెట్రోలు పెంచడం విరుగుడు కాదు.

నాలుగవది, వైర్ల కనెక్టర్లు. ద్వీపవాసులు దీనిని ప్రత్యేకంగా గమనించాలి. ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం, చుట్టూ ఉప్పు గాలి. కంపెనీ కనెక్టర్లకు తడి చొరకుండా రబ్బరు వాషర్లు ఉంటాయి. పెట్టె కోసం మధ్యలో చేర్చిన కనెక్టర్లకు అంతటి రక్షణ ఉండకపోవచ్చు. లోపలి పిన్నులకు పచ్చని చిలుము పట్టిందేమో విప్పి చూడండి. చిలుము పట్టిన పిన్ను సెన్సరు మాటను వక్రీకరించి చెబుతుంది.

ఐదవది, స్పార్కు ప్లగ్గులు. పీడనం పెరిగితే ప్లగ్గు కొనల మధ్య నిప్పురవ్వ దూకడం కష్టమవుతుంది. ప్లగ్గు అరిగి సందు పెరిగితే సమతల రోడ్డుమీద బండి బాగానే ఉండి, ఎత్తులో మాత్రం జర్కులిస్తుంది. పాఠకుని లక్షణాలకు ఇది సరిగ్గా సరిపోతున్నది. కారుతో వచ్చిన పుస్తకంలో చెప్పిన ప్లగ్గులనే, చెప్పిన సందుతోనే వేయించండి.

ఆరవది, పెట్రోలు సరఫరా. పంపు పీడనం, ఫిల్టరు, ట్యాంకులో నీరు చేరిందా అన్న మూడు సంగతులు చూడాలి. అటుపైన స్కానరులో 'ఫ్యూయల్ ట్రిమ్' అనే అంకెను చూడమనండి. కంప్యూటరు తన లెక్కకు తానే చేసుకుంటున్న దిద్దుబాటు అది. కూడిక, తీసివేత ఎటైనా 10 శాతం లోపల ఉంటే సాధారణంగా చింత లేదు. దాటితే కారణం దొరికే వరకు పెట్టె జోలికి పోవద్దు.

ఇవన్నీ సరిచేసిన పిదప కూడా పెట్టె కావాలనుకుంటే, అప్పుడు ట్యూనింగు. నెమ్మదిగా నడిచేటప్పుడు 1 కిలో స్వచ్ఛమైన పెట్రోలుకు 14.7 కిలోల గాలి లెక్క. టర్బో గట్టిగా పని చేసేటప్పుడు చల్లదనం కోసం మిశ్రమాన్ని చిక్కగా చేసి, 12 ప్రాంతంలో ఉంచడం పరిపాటి. పలుచని మిశ్రమంతో అధిక పీడనంలో నడిపితే నాకింగ్ వచ్చి పిస్టన్లు దెబ్బతింటాయి. కనుక వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ మీటరు లేకుండా, చెవితో విని, ముక్కుతో వాసన చూసి చేసే ట్యూనింగుకు ఒప్పుకోవద్దు. ఒకసారికి ఒక్క మార్పు చేసి, అంకెలు వ్రాసుకుని, తరువాతనే రెండవ మార్పు చేయాలి. ఈ పని డైనో యంత్రం మీద జరగాలి. ఊరి రోడ్లు అందుకు తగినవి కావు.

ద్వీపవాసులు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. పెట్రోలులో ఇథనాలు కలిపే కార్యక్రమాన్ని 2019 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటికీ విస్తరించినప్పుడు అండమాన్ నికోబార్, లక్షద్వీప్‌లను మినహాయించారు. 2025 నాటికి ప్రధాన భూభాగంలో 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు వాడుకలోకి వచ్చింది. ఆ మిశ్రమానికి గాలి లెక్క 14.7 కాదు, సుమారు 13.5. అనగా స్వచ్ఛమైన పెట్రోలుకు సరిపెట్టిన కారులో 20 శాతం మిశ్రమం పోస్తే, కంప్యూటరు దిద్దుకోనంత మేరకు, ఇంధనం దాదాపు 8 శాతం చాలదు. మిశ్రమానికి సరిపెట్టిన కారులో స్వచ్ఛమైన పెట్రోలు పోస్తే అంతే మేరకు ఎక్కువవుతుంది. ఇథనాలు ఇచ్చే నాకింగ్ నిరోధం కూడా తగ్గుతుంది. కాబట్టి మీ బంకులో ఏ పెట్రోలు పోస్తున్నారో అడిగి తెలుసుకోండి. ట్యూనింగు ఏ ఊరి పెట్రోలుతో చేశారో కూడా అడగండి. సముద్రం దాటిన కారుకు పాత అంకెలు సరిపోతాయనుకోవద్దు.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అనుమతి లేని మార్పులను నిషేధిస్తున్నది. 2019 సవరణతో చేరిన 182ఏ సెక్షను ప్రకారం అటువంటి మార్పు చేయించుకున్న యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. వారంటీ, బీమా షరతులను కూడా పెట్టె బిగించక ముందే చదువుకోవడం మేలు.

చివరగా, అండమాన్ ట్రంక్ రోడ్డు. జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు సుమారు 49 కిలోమీటర్లు జారవాల అభయారణ్యం గుండా కాన్వాయ్‌లోనే వెళ్లాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటరాదు. దారిలో ఆగరాదు, ఇతర వాహనాలను దాటరాదు. పెంచుకున్న అశ్వబలమంతా అక్కడ నిరుపయోగం. కారు మొరాయిస్తే మాత్రం వెనుక వాహనాలన్నీ నిలిచిపోతాయి. బయటివారి తాకిడి లేకుండా బ్రతకవలసిన జారవాల అడవిలో అందరూ చిక్కుకుంటారు. కావలసిన భాగం వెయ్యి కిలోమీటర్లకు పైబడిన సముద్రం దాటి రావాలి. కాబట్టి బారాటాంగ్‌కు గాని, మాయాబందర్, దిగ్లీపూర్‌లకు గాని కుటుంబంతో బయలుదేరే ముందు పెట్టెను తీసివేసి, కారును కంపెనీ స్థితికి తెచ్చుకోండి.

లేఖ వ్రాసిన సోదరులు స్కానరు కోడ్లు, ట్రిమ్ అంకెలు, పెట్టె తీసి నడిపినప్పటి అనుభవం వ్రాసి పంపితే, తదుపరి సలహా ఈ శీర్షికలోనే ఇస్తాము.