మార్కుల తూనికరాళ్ళు

ఉన్నత విద్యాలయ ప్రవేశమనగానే మన విద్యార్థులకు మొదట స్ఫురించేది పోటీపరీక్ష. ఐ.ఐ.టి.కి ఒక పరీక్ష, వైద్య కళాశాలకు మరొక పరీక్ష, రాష్ట్రంలోని ఇంజనీరింగు కళాశాలలకు ఇంకొక పరీక్ష. పన్నెండేండ్లు బడిలో చదివిన చదువు ఒక ఎత్తు, ఆ మూడు గంటలు ఒక ఎత్తు. ఈ సామాన్య నియమానికి తెలుగునేలపై చెప్పుకోదగిన మినహాయింపు ఒకటి ఉన్నది. అది 2008లో గ్రామీణ విద్యార్థుల అభ్యున్నతిని ఉద్దేశించి బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో నెలకొల్పిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. జనవ్యవహారంలో దాని పేరు ట్రిపుల్ ఐటీ. పదవ తరగతి ముగియగానే పిల్లలను చేర్చుకొని, రెండేండ్లు ప్రీయూనివర్సిటీ, నాలుగేండ్లు బి.టెక్. చదివిస్తారు. ఆ ప్రవేశానికి ఆధారం పదవ తరగతిలో వచ్చిన ఫలితమే.

ఈ పద్ధతిలోని న్యాయం సులభంగానే బోధపడుతుంది. పోటీపరీక్ష అందరికీ ఒకటే కావచ్చును గాని, దానికి సిద్ధపడే అవకాశం అందరికీ ఒకటి కాదు. శిక్షణాలయానికి రుసుము చెల్లించగలవాడు, వసతిగృహంలో ఉండి ఉదయం నుండి రాత్రి వరకు నమూనా ప్రశ్నలు సాధించగలవాడు ఒకవైపు. బడి విడిచిన తరువాత గొడ్లను తోలుకొని వచ్చి, తమ్ముళ్ళను చూచుకొని, ఆపైన పుస్తకం పట్టేవాడు మరొకవైపు. రెండవవాడికి అందుబాటులో ఉన్న గురువు ఊరి బడిలోని ఉపాధ్యాయుడే. ఆయన చెప్పిన పాఠానికి, ఆ పాఠంపై వచ్చిన మార్కుకు విలువ ఇచ్చినప్పుడే ఆ పిల్లవాడు పందెంలో నిలువగలడు.

ట్రిపుల్ ఐటీ ఈ విషయంలో మరొక అడుగు ముందుకు వేసినది. పది పాయింట్ల గ్రేడు విధానంలో, ప్రభుత్వ, జిల్లా పరిషత్, పురపాలక పాఠశాలలలో చదివినవారికి 0.4 పాయింటు అదనంగా కలిపినది. చూడడానికి స్వల్పమే. లెక్క వేసి చూస్తే దాని బలం తెలుస్తుంది. జిల్లా పరిషత్ పాఠశాలలో 9.7 తెచ్చుకొన్న బాలిక 10.1కి చేరుతుంది. ప్రైవేటు పాఠశాలలో నిండుగా 10 వచ్చినవాడు కూడ ఆమె వెనుకనే నిలబడవలసినదే. ఇది అనుగ్రహం కాదు. ఆమె దాటి వచ్చిన దూరాన్ని కూడ లెక్కలోనికి తీసుకోవడం.

అయితే ఈ న్యాయమంతా ఒక షరతుపై ఆధారపడి ఉన్నది. మార్కు నిజమైనది కావలెను. తూనికరాయి సరియైనది కానప్పుడు తూచేవాడెంత ధర్మపరుడైనా తూకం తప్పుతుంది. 2021లో మహమ్మారి కారణంగా పదవ తరగతి పరీక్షలు రద్దయినవి. తెలంగాణలో బడిలో జరిగిన అంతర్గత మూల్యాంకనం ఆధారంగా ఫలితాలు ప్రకటించగా రెండు లక్షలకు పైగా విద్యార్థులకు నిండుగా పది పాయింట్లు వచ్చినవి. ఇందరు సమానులైనచోట ఎవరిని ఎంచుకొనడం? ఆ ఏడు బాసర ప్రవేశాలకు పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష ర్యాంకును ఆశ్రయించవలసి వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2020, 2021 సంవత్సరాలలో ట్రిపుల్ ఐటీలకు ప్రత్యేక పరీక్ష జరిపి, 2022లో తిరిగి పదవ తరగతి మార్కులకు మళ్ళినారు.

ఆపత్కాలం సంగతి అటుంచినా, సమానుల మధ్య ఎంపిక ఎప్పుడూ ఉన్న చిక్కే. పాయింట్లు సమానమైనప్పుడు మొదట గణితం, తరువాత సామాన్యశాస్త్రం, పిదప ఆంగ్లం, సాంఘికశాస్త్రం చూచి, చివరకు గాని ప్రథమ భాష జోలికి పోరు. సాంకేతిక విద్యకు గణితం ముందుండడం సబబే. కాని అమ్మభాష పంక్తి చివర కూర్చున్నదన్న సంగతిని పిల్లలు, తల్లిదండ్రులు ఇట్టే గ్రహిస్తారు. ఇంటర్మీడియట్‌లోనూ జరుగుతున్నది ఇదే. మార్కులు సులభంగా వస్తాయన్న ఒకే కారణంతో తెలుగు విడిచి సంస్కృతం తీసుకొనేవారు ఎందరో! ఆ దేవభాషపై ప్రేమ చేతనైతే సంతోషింపవలసినదే. ప్రేమ మార్కులపైననే గదా!

కనుక మార్కులను పూర్తిగా పక్కకు నెట్టి పరీక్షనే నమ్ముకొందామా? ఢిల్లీ విశ్వవిద్యాలయం అనుభవం చూడండి. అక్కడ పన్నెండవ తరగతి మార్కులే ప్రవేశానికి ఆధారంగా ఉండేవి. 2011లో ఒక ప్రసిద్ధ వాణిజ్య కళాశాల, వాణిజ్యశాస్త్రం చదవనివారికి నూటికి నూరు రావలెనన్నప్పుడు దేశమంతా విస్తుపోయినది. 2021 నాటికి అనేక కళాశాలలలో అదే స్థితి. 2022లో ఆ పద్ధతి తొలగి ఉమ్మడి ప్రవేశపరీక్ష వచ్చినది. దానితోపాటు దాని శిక్షణాలయాలు కూడ వచ్చినవి. మార్కుల పరుగు ఆగి, పరీక్ష పరుగు మొదలయినది.

నడిమి మార్గం వెదకినవారూ లేకపోలేదు. జె.ఇ.ఇ. మెయిన్ ర్యాంకులో 2013 నుండి పన్నెండవ తరగతి మార్కులకు 40 శాతం స్థానమిచ్చి, 2017లో తొలగించినారు. మన ఎంసెట్‌లో ఇంటర్మీడియట్ మార్కులకు 25 శాతం విలువ ఉండేది. 2023లో తెలంగాణ దానిని శాశ్వతంగా విడిచిపెట్టగా, మహమ్మారి కాలంలో నిలిపివేసిన ఆంధ్రప్రదేశ్ అదే ఏడు పునరుద్ధరించినది. ఒకే పాఠ్య సంప్రదాయం నుండి వచ్చిన రెండు రాష్ట్రాలు ఒకే ఏడు రెండు దారులు పట్టినవి. మార్కు కేవలం ఉత్తీర్ణతకే పనికివచ్చినప్పుడు తరగతిగది పేరుకు మాత్రమే మిగులుతుంది. ఆ 25 శాతంలోనైనా లెక్కించినవి ఐచ్ఛిక విషయాల మార్కులే; భాషలకు చోటు లేదు.

నా అభిప్రాయంలో బడి మార్కును తొలగించడం కన్న దానిని నమ్మదగినదిగా నిలుపుకొనడమే శ్రేయస్కరం. తెలంగాణలో 2014-15 నుండి పదవ తరగతిలో ఇరవై మార్కులు ఉపాధ్యాయుని చేతికి అప్పగించినారు. ఆంధ్రప్రదేశ్ అటువంటి ఏర్పాటును 2019లో రద్దుచేసినది. ఉపాధ్యాయునిపై విశ్వాసముంచడం మంచి ఆలోచనే. కాని అడిగినవానికీ అడగనివానికీ ఇరవైకి ఇరవై వేస్తే ఆ విశ్వాసం ఎంతకాలం నిలుస్తుంది? పక్క బడివారు వేస్తున్నారు గనుక మేమూ వేస్తున్నామనడం తిలాపాపం తలా పిడికెడు పంచుకొనడమే. ఉదారంగా వేసిన మార్కు వలన నష్టపోయేది, ఎక్కడనో ఒక ఊరిలో నిజంగా కష్టపడి 9.7 తెచ్చుకొన్న బాలికయే. అందరికీ పది వచ్చిననాడు ఆమె కష్టం కనబడదు. మార్కుపై నమ్మకం పోయిననాడు ప్రవేశపరీక్ష వస్తుంది. దానికి సిద్ధపడే స్తోమత ఆమెకు ఉండదు.

విద్యార్థులు కూడ ఒకటి గుర్తుంచుకోవలెను. మార్కు ద్వారం వరకు తీసుకొనిపోతుంది. లోపల ఆరేండ్లు నిలబెట్టేది నేర్చిన విద్యయే. మూల్యాంకనం చేసే ఉపాధ్యాయ సోదరులు ఎర్రసిరా కలం పట్టినప్పుడు తమ చేతిలో ఉన్నది తూనికరాయి అని తలచుకొంటే చాలు. బీదపిల్లవాడికి మనం చేయగల మేలు మార్కు పెంచి వేయడం కాదు, ఆ మార్కుకు తగిన చదువు చెప్పి, వచ్చినంత నిజాయితీగా వేయడం.